వంచి చూడు, విరగకూడదు

మొన్న అటక మీద సామాన్లు సర్దుతుంటే అమ్మమ్మ పండ్లు ఎండబెట్టే చట్రం కనబడింది. పెద్దదేం కాదు, నాలుగు చెక్క పట్టీలు కొట్టి మధ్యలో ప్లాస్టిక్ జాలీ బిగించినది, రెండు చేతులూ చాచి పట్టుకుంటే సరిపోయేంత. దుమ్ము దులుపుతుంటే ఒక మూల జాలీకి ఏదో గట్టిగా అతుక్కుని ఉంది. గోటితో గీకితే తేనె రంగు పలుకు ఒకటి ఊడి చేతిలో పడింది. ఏ ఏడాదిదో, ఏ పండుదో. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను, వాసనేమీ రాలేదు. అయినా చాలాసేపు దాన్ని అరచేతిలో పెట్టుకుని అటక నిచ్చెన మీదే కూర్చుండిపోయాను.

సెలవులు వస్తే చాలు, మేం పిల్లలం నలుగురం అమ్మమ్మ దగ్గర చేరేవాళ్ళం. నలుగురు పిల్లలుంటే నోళ్ళు ఊరికే ఉండవు కదా, అన్నం తిన్న గంటకే మళ్ళీ వంటింట్లో డబ్బాలు వెతికేవాళ్ళం. అమ్మమ్మకి మమ్మల్ని ఆకలితో ఉంచడం ఇష్టం లేదు, అలాగని వేయించినవీ చక్కెర దట్టించినవీ రోజంతా పెట్టడమూ ఇష్టం లేదు. అందుకని పండ్లు విరివిగా వచ్చే రోజుల్లో తినగలిగినన్ని తినిపించి, మిగిలినవి పాడైపోకుండా ముక్కలు కోసి ఎండబెట్టేసేది. యాపిల్, అరటి, ద్రాక్ష, మామిడి, అనాస, ఏది దొరికితే అది. ఒబ్బిడి మనిషి, పండు కుళ్ళబెట్టి పారేయడం అంటే ఆవిడకి ప్రాణం పోయినట్టుండేది.

పండు ఎంచుకోవడం దగ్గరే ఆవిడ పట్టుదల మొదలయ్యేది. దోరగా ఉన్నదైతే ఎండాక పుల్లగా, పీచులా ఉంటుంది, తీపి తేలదు. బాగా మెత్తబడిపోయిందైతే కత్తికి నిలవదు, జాలీకి అతుక్కుపోతుంది. మధ్యలో ఒకటి రెండు రోజులు మాత్రమే ఉంటాయి సరైనవి. అరటిపండైతే తొక్క మీద చిన్న చిన్న చుక్కలు పడటం మొదలైన రోజు, మామిడైతే బొటనవేలితో నొక్కితే కొంచెం లొంగి మళ్ళీ సర్దుకునే రోజు. ఆ రోజు కోసం పొద్దున్నే లేచి బుట్టలో పండ్లన్నీ ఒక్కోటీ తీసి నొక్కి చూసేది, "ఇవాళ కాదు, రేపు" అని మళ్ళీ పెట్టేసేది. రేపటికి మించి మగ్గిపోయినవి ఉంటే వాటిని గుజ్జు తీసి పళ్ళెంలో పల్చగా పోసి తాండ్రలా ఆరబెట్టేది. ఆ పోయడంలో కూడా ఓ పద్ధతి ఉంది, అంచుల దగ్గర కాస్త మందంగా, మధ్యలో పల్చగా. ఎందుకమ్మమ్మా అంటే, "అంచులు ముందే ఎండిపోతాయి, మధ్యలోది ఆలస్యం, రెండూ ఒకేసారి రావాలంటే ఇలాగే పొయ్యాలి" అని చెప్పేది.

ముక్కలు కోసే పని పెద్దవాళ్ళది, మా చేతికి కత్తి ఇచ్చేది కాదు. చిటికెన వేలి మందంలో సగం ఉండాలి అనేది. పెద్దయ్యాక ఒకసారి స్కేలు పెట్టి కొలిచాను, సరిగ్గా 6 మిల్లీమీటర్లు. ఇప్పుడు పండ్లు ఎండబెట్టడం గురించి ఏ సూచన చూసినా దాదాపు అదే కొలత కనిపిస్తుంది, ఆవిడకి ఎవరు చెప్పారో మరి. మందం కంటే ముఖ్యం అన్నీ ఒకేలా ఉండటం. ఒక ముక్క పల్చగా ఒక ముక్క లావుగా ఉంటే పల్చటిది చిప్పలా గట్టిపడేసరికి లావుది ఇంకా లోపల తడిగానే ఉంటుంది, రెండింటినీ ఒకే సీసాలో వేస్తే తడిది అన్నింటినీ పాడు చేస్తుంది.

కోసిన యాపిల్, అరటి ముక్కలు వెంటనే నిమ్మరసం కలిపిన నీళ్ళలోకి వెళ్ళేవి. సగం రసం, సగం నీళ్ళు, ఐదు నిమిషాలు. అలా చేయకపోతే మన కళ్ళ ముందే గోధుమరంగులోకి తిరిగిపోతాయి. కోత పడిన చోట పండులో ఉండే ఎంజైములు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చేసే పని అది, పులుపు తగిలితే వాటి జోరు తగ్గుతుంది. నాకు ఇది కాలేజీలో చదివినప్పుడు తెలిసింది. అమ్మమ్మ మాత్రం "నిమ్మకాయ కాపలా" అనేది. ఆ మాటే నాకు ఇప్పటికీ నోటికి వస్తుంది.

అన్నిట్లోకీ మాకు ఇష్టమైంది ద్రాక్ష రోజు. ద్రాక్ష పండుకి పైన పల్చటి మైనం లాంటి పొర ఉంటుంది, చేత్తో రుద్దితే బూడిదలా చెరిగిపోతుందే, అదీ. ఆ పొర, ఆ తొక్క లోపలి నీటిని బయటికి పోనివ్వవు, అలాగే ఎండలో పెడితే రోజులకి రోజులు పడుతుంది. అందుకని అమ్మమ్మ పెద్ద గిన్నెలో నీళ్ళు తెర్లించి, ద్రాక్షపళ్ళని పల్చటి గుడ్డలో మూట కట్టి, మూటని నీళ్ళలోకి దింపేది. మేం నలుగురం గుమ్మం దగ్గర నిలబడి గట్టిగా అంకెలు లెక్కపెట్టాలి. ఒకటి, రెండు, మూడు... ముప్పై అనగానే మూట పైకి లేచేది, నీళ్ళు ధారగా కారుతూ, వెంటనే పక్కనున్న చల్లటి నీళ్ళ బకెట్లోకి. ఎవరైనా ఆత్రంగా అంకెలు దాటేస్తే "మళ్ళీ మొదటినుంచీ కాదు గానీ, పది నించి చెప్పండి" అనేది. మూట విప్పి ఒక పండు నా అరచేతిలో పెట్టి వెలుతురులో చూడమంది ఒకసారి. తొక్క మీద వెంట్రుక కంటే సన్నగా గీతలు, కొన్ని అడ్డంగా, కొన్ని నిలువుగా, ఒక్కో గీతలోంచీ రసం చెమటలా మెరుస్తోంది. "చూశావా అమ్మడూ, నీళ్ళు పోవడానికి తోవలు పడ్డాయి" అంది. ఆ పండుని తినకుండా చాలాసేపు పట్టుకున్నాను, చివరికి చేతి వేడికి మెత్తబడి పగిలిపోయింది.

చట్రం మొదట్లో ఇలా ప్లాస్టిక్ జాలీతో లేదు. తాతయ్య ఎక్కడో మిగిలిన ఇనుప జాలీ తెచ్చి ఎంతో ఓపిగ్గా కొలిచి, కోసి, మేకులు కొట్టి చేశారు మొదటిది. దాని మీద పరిచిన అనాస ముక్కలకి మర్నాటికి నల్లటి గళ్ళు పడ్డాయి, తింటే నాలిక మీద ఇనుము రుచి. పండ్లలో పులుపు లోహాన్ని తింటుందని అప్పటికి ఆయనకి తోచలేదు. జింకు పూసిన జాలీలు, రాగి, అల్యూమినియం, ఏవీ పనికిరావు, స్టీలో, చెక్కో, తినే వస్తువులకి వాడే ప్లాస్టిక్కో అయితేనే మంచిది. తాతయ్య ఏమీ మాట్లాడకుండా జాలీ అంతా ఊడబెరికి, నాలుగు రోజుల తర్వాత ఇప్పుడు నా దగ్గరున్న ఈ జాలీ బిగించి తెచ్చి అమ్మమ్మ ముందు పెట్టారు. ఆవిడ దాన్ని వేళ్ళతో మీటి చూసి "బాగుంది" అన్నారు, అంతే. ఆయన ఆ రోజంతా ఈల వేసుకుంటూ తిరిగారు.

ముక్కలు పరిచేటప్పుడు ఒకదానికొకటి తగలకూడదు. కింద ఇటుకలు పెట్టి చట్రాన్ని ఎత్తులో ఉంచాలి, అప్పుడే కింద నించి కూడా గాలి ఆడుతుంది. ఎండ ఎంత ముఖ్యమో గాలీ అంతే ముఖ్యం అని ఎన్నిసార్లు చెప్పిందో. పైన పాత దోమతెర కప్పి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టేవాళ్ళం. అయినా కాపలా తప్పదు. కాకులు పిట్టగోడ మీద వరసగా కూర్చుని మెడలు వంకర్లు తిప్పి చూసేవి, ఉడతలు అయితే దోమతెర కిందకి ఎలా దూరేవో ఇప్పటికీ అర్థం కాదు. మా నలుగురికీ వంతులు. మధ్యాహ్నం వంతు నాది, మెట్ల గది నీడలో గోనెసంచి వేసుకుని కూర్చుని, ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో ఏదో పుస్తకం. ఎండ బాగా ఎక్కాక ముక్కల వాసన మారేది. పొద్దున్న పచ్చి పండు వాసన వచ్చేది, రెండు గంటలయ్యేసరికి అది చిక్కబడి, పాకం కాస్తున్నట్టు ఉండేది. అరటి చక్రాలు అంచులు పైకి లేచి చిన్న చిన్న గిన్నెల్లా అయ్యేవి. సాయంత్రం ఎండ వాలకముందే అన్నీ ఇంట్లోకి, ఎందుకంటే రాత్రి చల్లగాలికి తేమ మళ్ళీ ముక్కల్లోకి చేరిపోతుంది, పగలంతా పోయింది తిరిగి వచ్చేస్తుంది. మర్నాడు మళ్ళీ పైకి మోసి, ఒక్కో ముక్కా తిరగేసి, మళ్ళీ కాపలా. మూడు రోజులు, నాలుగు రోజులు, పండుని బట్టి ఇంకా ఎక్కువ.

అన్నిసార్లూ సవ్యంగా జరగలేదు. ఒకసారి రెండో రోజు మధ్యాహ్నానికే మబ్బు పట్టేసింది, వాన పడలేదు కానీ గాలి బరువెక్కి ఒళ్ళంతా జిగటగా అయిపోయింది. మామిడి ముక్కలు చట్రం నిండా ఉన్నాయి. అమ్మమ్మ వాటిని ఫ్యాను కింద పెట్టింది, కిటికీలు తెరిచింది, మూసింది, రాత్రి రెండుసార్లు లేచి చూసుకుంది. మూడో రోజు పొద్దున్న ఒక ముక్క తీసి వాసన చూసి, ఏమీ అనకుండా అన్నీ పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టేసింది. పండు పారేయడం అంటే ప్రాణం పోయినట్టుండే మనిషి. "ఒక్క ముక్క పుల్లటి వాసన వచ్చినా అందులో ఇంకేదీ పిల్లల నోట్లో పెట్టకూడదు" అని మాత్రం చెప్పింది. ఎండలో పండ్లు ఆరాలంటే కనీసం 30 డిగ్రీల వేడి ఉండాలి, గాలిలో తేమ 60 శాతానికి లోపు ఉండాలి అంటారు. ఆ అంకెలు తెలియకపోయినా ఆవిడకి పొద్దున్నే మేడ మీదకి వెళ్ళి ఆరేసిన బట్టలు ముట్టుకుంటే తెలిసిపోయేది, ఆ రోజు కొయ్యాలో వద్దో.

ఇక అసలు సంగతి, ఎండిందో లేదో చూడటం. ఇది చేతికి తెలియాలి తప్ప కంటికి తెలియదు. ముందుగా ముక్కని నీడలో పెట్టి చల్లారనివ్వాలి, వేడి మీద ఉన్నప్పుడు అన్నీ మెత్తగానే అనిపిస్తాయి. చల్లారాక రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నెమ్మదిగా సగానికి వంచాలి. "వంచి చూడు, విరగకూడదు. విరిగితే మాడింది. అతుక్కుంటే పచ్చిది" అనేది. తోలు ముక్కలా వంగాలి, వదిలితే మళ్ళీ కొంచెం లేవాలి. తర్వాత మధ్యకి చింపి, చింపిన అంచుని గట్టిగా నొక్కాలి. నొక్కిన చోట సన్నటి తడి పూసల్లా తేలిందా, ఇంకో పూట ఎండాలి. అమ్మమ్మ వేళ్ళు నాకు బాగా గుర్తు. బొటనవేలి మీద కత్తి గీసిన పాత గాట్లు నిమ్మరసానికి తెల్లగా మెరిసేవి. ముక్కని వంచేటప్పుడు చెయ్యి చూసేది కాదు, ఎటో దూరంగా చూస్తూ, ఏదో వింటున్నట్టు తల కొంచెం వాల్చేది. నేను వంచితే ఎప్పుడూ "అయిపోయింది" అనిపించేది. తినాలన్న తొందర మరి. ఆవిడ అదే ముక్క నా చేతిలోంచి తీసుకుని వంచి "ఇంకో మధ్యాహ్నం" అనేది.

ఆ తొందరే ఒకసారి కొంప ముంచింది. నాకు అప్పుడు పదేళ్ళు. అమ్మమ్మకి జ్వరంగా ఉండి పడుకుంటే, ఆవిడకి సాయం చేద్దామని నేనే మేడ మీద ద్రాక్షపళ్ళన్నీ పోగు చేసి, ఇంకా ఎండ వేడి పోకుండానే సీసాలో అంచు దాకా కుక్కి, మూత బిగించి, అలమార్లో వెనక పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు, ఆశ్చర్యపరుద్దామని. వారం తర్వాత గర్వంగా తీసి చూపిస్తే సీసా లోపల గోడలకి నీటి బొట్లు, పైన పండ్ల మీద తెల్లటి బూజు దూదిలా పరుచుకుని ఉంది. నాకు ఏడుపొచ్చేసింది. అమ్మమ్మ తిట్టలేదు. సీసా వేడినీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టి, కొత్తగా ఎండిన యాపిల్ ముక్కలు తెచ్చి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. సీసా మూడు వంతుల్లో రెండు వంతులే నింపించింది. "ఇందులో కొన్ని బాగా ఎండినవి, కొన్ని కొంచెం తడి ఉన్నవి. వారం పది రోజులు ఇలా కలిసి ఉంటే తడి అందరూ పంచుకుంటారు. రోజూ పొద్దున్నే నువ్వు దీన్ని ఊపాలి. లోపల అద్దం మసకబారినట్టు కనబడితే నన్ను పిలువు, మళ్ళీ ఎండలో వేద్దాం" అని చెప్పి సీసా నా చేతికి ఇచ్చేసింది. ఆ వారం రోజులూ పళ్ళు తోముకోవడం కంటే ముందు సీసా ఊపేదాన్ని. గలగలమని కాదు, పొడి ఆకులు కదిలినట్టు ఓ చప్పుడు వచ్చేది.

తినడానికి కొలత మా గుప్పెడే. ఎవరి గుప్పెడు వాళ్ళది, రోజుకి ఒకసారి. పెద్దన్నయ్య గుప్పెడు పెద్దది కాబట్టి వాడికి ఎక్కువ వస్తాయని నేను గొడవ పెట్టుకునేదాన్ని, "వాడి పొట్ట కూడా పెద్దదే" అనేది అమ్మమ్మ. అప్పుడు పిసినారితనం అనుకున్నాను, తర్వాత అర్థమైంది. ద్రాక్షలో నూటికి 80 పాళ్ళు నీళ్ళే, యాపిల్‌లో 85 పాళ్ళ పైనే. ఆ నీళ్ళు పోయాక మిగిలేదంతా చిక్కబడినదే, పీచు, పొటాషియం లాంటివి చిక్కబడతాయి, చక్కెర కూడా చిక్కబడుతుంది. 100 గ్రాముల తాజా ద్రాక్షలో 70 కేలరీలు ఉంటే అంతే బరువు ఎండుద్రాక్షలో 300 దాకా ఉంటాయి. దాదాపు నాలుగు కిలోల ద్రాక్ష ఎండితే కిలో ఎండుద్రాక్ష అవుతుంది, అంటే గుప్పెడు తింటే ఒక గుత్తి తిన్నట్టే. సి విటమిన్ మాత్రం చాలావరకు పోతుంది, అందుకే ఎండువి ఉన్నాయని తాజా పండ్లు మానెయ్యనిచ్చేది కాదు. తిన్నాక నోరు పుక్కిలించాలి, పళ్ళకి అతుక్కుని ఉండిపోతుంది కదా. మరీ చిన్నపిల్లలకి గొంతులో అడ్డం పడకుండా నీళ్ళలో నానబెట్టి, సన్నగా తరిగి పెట్టేది. నాన్నకి షుగర్ వచ్చాక ఆయన వాటా నాలుగు ముక్కలకి తగ్గిపోయింది, ఆయన ఆ నాలుగూ గంటసేపు నములుతూ కూర్చునేవారు.

ఒకసారి చదువులో భాగంగా ఎక్కడో చదివి వచ్చి అమ్మమ్మకి చెప్పాను, ఈజిప్టులో 1922లో టుటన్‌ఖామున్ అనే రాజు సమాధి బయటపడితే అందులో పెట్టిన తిండి సామాన్లలో ఎండిన పండ్లు కూడా ఉన్నాయట, మూడు వేల ఏళ్ళ కిందటివి అని. ఆవిడ చేస్తున్న పని ఆపి నా వైపు చూసింది. "మూడు వేల ఏళ్ళా?" అని, కాసేపాగి, "ఎవరో చాలా శ్రద్ధగా ఎండబెట్టారు" అంది. ఆ రాజు గురించి ఒక్క మాట కూడా అడగలేదు.

హాస్టల్‌కి వెళ్ళాక నెలకోసారి పార్సిల్ వచ్చేది. గుడ్డసంచిలో గుడ్డసంచి, లోపల గట్టి మూత డబ్బా, దాని మీద చిన్న కాగితం ముక్క అతికించి పండు పేరు, ఎండిన తేదీ. ఉత్తరం వేరే ఉండేది కాదు, ఆ తేదీయే ఉత్తరం. ఫలానా రోజున మేడ మీద ఎండ బాగా కాసిందన్నమాట, అమ్మమ్మ మెట్లు ఎక్కగలిగిందన్నమాట. పరీక్షల ముందు రాత్రుళ్ళు నిద్ర ఆపుకోలేక, టెన్షన్ తట్టుకోలేక, ఆ డబ్బా పక్కన పెట్టుకుని అనాస ముక్క ఒకటి బుగ్గన పెట్టుకుని చదివేదాన్ని. మొదట ఏ రుచీ తెలియదు, రెండు నిమిషాలకి పుల్లగా మొదలై, మెల్లగా తీపి ఊరుతుంది.

ఉద్యోగంలో పడ్డాక కొన్నేళ్ళు అవన్నీ పోయాయి. ప్యాకెట్లు కొనుక్కునేదాన్ని. కొన్ని బాగానే ఉండేవి, కొన్నిట్లో మాత్రం పండు కంటే పైన పట్టించిన చక్కెరే ఎక్కువ. ఆప్రికాట్లు అయితే నారింజ రంగులో ధగధగలాడుతూ ఉండేవి. అది గంధకం పొగ లాంటిది పట్టించడం వల్ల నిలిచే రంగు, ఏమీ కలపకుండా ఎండబెడితే ఆప్రికాట్ ముదురు గోధుమ రంగులోకే వస్తుంది. ఉబ్బసం ఉన్న కొందరికి ఆ గంధకం పడదు కూడా. ఇంట్లో చేసినదాని రంగు ఎప్పుడూ అంత అందంగా ఉండదు, నాకు ఆ మసక రంగే నమ్మకం.

చివరికి ఒక చిన్న డీహైడ్రేటర్ కొన్నాను, వేడిగాలితో పండ్లు ఎండబెట్టే మెషిన్, ఐదు ట్రేలది, వెనక ఫ్యాను. అపార్ట్‌మెంట్లో నాకు మేడ లేదు, ఎండా లేదు. మొదటిసారి ఆత్రం కొద్దీ 75 డిగ్రీలు పెట్టేశాను, త్వరగా అయిపోతుందని. నాలుగు గంటలకే యాపిల్ ముక్కలు పైకి గట్టిగా, బ్రహ్మాండంగా కనిపించాయి. డబ్బాలో పెట్టిన ఐదో రోజుకి బూజు. పదేళ్ళప్పటి ద్రాక్ష సీసా మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది. అమ్మమ్మకి ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ జీవితంలో అలాంటి మెషిన్ చూడలేదు, కానీ ఒక్కటే అడిగింది, "ఎంత వేడి పెట్టావు?" చెప్పాను. "పైన తలుపేసేశావు కదే, ఇంక లోపలి నీళ్ళు ఎటు పోతాయి?" అంది. నిజంగా జరిగేది అదే, వేడి ఎక్కువైతే పైపొర ముందే గట్టిపడి పెంకులా అయిపోతుంది, లోపలి తడి బయటికి రాలేక అక్కడే చిక్కుకుంటుంది. అప్పటినించి 60 దాటనివ్వను, ముక్కల్ని బట్టి ఎనిమిది గంటలు, పది గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది, పట్టనీ. ఆ ఫోన్‌లోనే అమ్మమ్మ "ఏదీ, ఆ మెషిన్ చప్పుడు వినిపించు" అంటే ఫోన్ దాని దగ్గర పెట్టాను. చాలాసేపు విని "గాలి చప్పుడా ఇదంతా? మన మేడ మీద గాలికి చప్పుడే ఉండేది కాదు" అంది.

తర్వాత సెలవు పెట్టి వెళ్ళాను. అప్పటికి ఆవిడ మెట్లు ఎక్కడం మానేసింది, చట్రం వరండాలో ఎండ పడే చోటికి దిగింది. యాపిల్ ముక్కలు ఎండుతున్నాయి. సాయంత్రం ఒకటి తీసి, చల్లార్చి, అలవాటుగా వేళ్ళ మధ్య పెట్టుకుని వంచింది. మళ్ళీ వంచింది. తల వాల్చి ఎటో చూస్తూ ఉండిపోయింది. వేళ్ళు మొద్దుబారాయని, స్పర్శ సరిగ్గా తెలియడం లేదని ఎప్పుడూ చెప్పలేదు ఎవరికీ. ఆ ముక్క నా చేతిలో పెట్టి "నువ్వు వంచి చూడు" అంది. వంచాను. తోలులా వంగింది, విరగలేదు, అయినా మధ్యకి చింపి నొక్కితే అంచున చిన్న తడి మెరుపు. గొంతులో ఏదో అడ్డం పడినట్టయి వెంటనే మాట రాలేదు. "ఇంకో మధ్యాహ్నం అమ్మమ్మా" అన్నాను. "ఆఁ, నాకూ అలాగే అనిపించింది" అని చట్రం మీద గుడ్డ కప్పేసింది.

ఆవిడ పోయి నాలుగేళ్ళు. చట్రం ఎవరు ఎప్పుడు మా ఇంటికి చేర్చారో, అటక మీదకి ఎలా వెళ్ళిందో నాకు గుర్తు లేదు. ఇప్పుడు మేం ఉంటున్న ఇంటికి చిన్నదైనా మేడ ఉంది, పొద్దున పది నించి నాలుగు దాకా ఎండ నిలుస్తుంది. మెషిన్ పక్కన పెట్టి ఈసారి ఎండలోనే చేద్దామని ఉంది. ఎండలో ఆరినవి సీసాలో పెట్టేముందు రెండు రోజులు ఫ్రీజర్‌లో ఉంచుతాను, కంటికి కనబడని పురుగు గుడ్లు ఏమైనా ఉంటే పోతాయి. అమ్మమ్మకి ఆ వసతి లేక, ఆఖర్న ఒకసారి సన్నటి సెగ మీద వేడి చూపించేది.

చట్రాన్ని సబ్బునీళ్ళతో రుద్ది కడిగాను. తాతయ్య కొట్టిన మేకు ఒకటి వదులైంది, రాయితో కొట్టి బిగించాను. దోమతెర కోసం వెతకాలి. బల్ల మీద అరటిపళ్ళు డజను ఉన్నాయి, తొక్క మీద చుక్కలు ఇప్పుడిప్పుడే పడుతున్నాయి. ఇందాకే ఒక్కోటీ తీసి నొక్కి చూశాను, ఇవాళ కాదు, రేపు.